గిటార్ వాయించడం రాని గిటార్ల మేస్త్రీ – లియో ఫెండర్



వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవిత చరిత్ర వేసుకోవడం మన హాస్టల్‌కు ఆనవాయితీ. మహాత్మా ఫూలే గురించి, బాబాసాహెబ్ అంబేద్కర్ గురించి, మహాకవి జాషువా గురించి ఈ పుటల్లో ఎన్నోసార్లు చదువుకున్నాం. వారి బాటలోనే మనం ఇంతవరకూ వచ్చాం. ఈసారి పూర్వ విద్యార్థులమైన మేము కాస్త దూరపు మనిషిని ఎంచుకున్నాం. ఆయన నాయకుడు కాదు, కవి కాదు. రేడియోలు రిపేరు చేసుకుని బతికిన ఒక అమెరికా మెకానిక్. పేరు లియో ఫెండర్.

ఈయననే ఎందుకు ఎంచుకున్నామో ముందే చెబుతాం. మన హాస్టల్ పాటల బృందంలో ఇప్పుడు కీబోర్డు, డ్రమ్ములతో పాటు బేస్ గిటార్ కూడా చేరింది. బేస్ గిటార్ అంటే నాలుగు లావు తీగల గిటార్. పాటకు అడుగున నిలబడి మొత్తం బరువు మోసే మంద్రస్వరం దానిది. అయితే కరెంటుతో మోగే ఈ గిటార్ ఒక్కటే ఉంటే సరిపోదు. దాని గొంతు పెంచే యాంప్లిఫయర్ ఉండాలి, స్పీకర్ ఉండాలి. ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని కాంబో అంటారు. తలా కొంత వేసుకుని తమ్ముళ్లకు ఒక కాంబో కొనిద్దామని మేము అనుకున్నాం. ఏది కొనాలి, ఎన్ని వాట్లది కొనాలి, ఓవర్‌డ్రైవ్ అనే ఆ బొంగురు గొంతు మంచిగా ఎలా వస్తుంది అని వెతుకుతూ వెళ్తే, దారులన్నీ లియో ఫెండర్ ఇంటి ముందుకే చేరాయి. ఆయన జీవితం చదివాక, అది పెట్టె కొనే వాళ్లకే కాక హాస్టల్లో చదువుకునే ప్రతి ఒక్కరికీ పనికొస్తుందని మాకు అనిపించింది.

నారింజ తోటల మధ్య బాల్యం

లియో పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనాహైమ్, ఫుల్లర్టన్ అనే ఊళ్ల దగ్గర పుట్టాడు. తల్లిదండ్రులు నారింజ తోట సాగు చేసుకునే రైతులు. లియోకు ఎనిమిదేళ్ల వయసులో ఒక కంటిలో కణితి లేచింది. డాక్టర్లు ఆ కన్ను తీసేసి గాజు కన్ను పెట్టారు. ఆటలాడుకునే వయసులో అది ఎంత దెబ్బో మనం ఊహించగలం. మిగిలిన ఒక్క కంటితోనే ఆయన జీవితాంతం సన్నటి తీగలు, చిన్న చిన్న సోల్డరింగ్ అతుకులు చూస్తూ పనిచేశాడు.

లియోకు పదమూడు పద్నాలుగేళ్లప్పుడు, కార్ల ఎలక్ట్రికల్ షాపు నడిపే ఒక మామయ్య పనికిరాని రేడియో భాగాలు, ఒక పాత కారు బ్యాటరీ పెట్టెలో పెట్టి పంపాడు. మరుసటి ఏడాది లియో ఆ మామయ్య షాపుకు వెళ్తే, అక్కడ మామయ్య స్వయంగా తయారుచేసిన రేడియో ఒకటి గట్టిగా మోగుతూ ఉంది. స్పీకర్లోంచి వచ్చిన ఆ పెద్ద శబ్దం పిల్లవాడి మనసులో నాటుకుపోయింది. ఇంటికొచ్చాక రేడియోలు విప్పడం, బిగించడం, చుట్టుపక్కల వాళ్ల సెట్లు బాగుచేయడం అతని లోకమైంది.

అంత ఇష్టం ఉన్నా లియో కాలేజీలో చేరింది ఎలక్ట్రానిక్స్‌లో కాదు. 1928లో హైస్కూలు పూర్తిచేసి ఫుల్లర్టన్ జూనియర్ కాలేజీలో అకౌంటెన్సీ తీసుకున్నాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఆయనకు డిగ్రీ లేదు, డిప్లొమా కూడా లేదు. నేర్చుకున్నదంతా ఇంట్లో, చేత్తో చేసి నేర్చుకున్నదే.

రెండుసార్లు పోయిన ఉద్యోగం

చదువయ్యాక లియో ఒక ఐసు కంపెనీలో సరుకు చేరవేసే పనిలో చేరాడు. తర్వాత అక్కడే లెక్కలు రాసే గుమాస్తా అయ్యాడు. ఆ రోజుల్లోనే ఒక బ్యాండు నాయకుడు డ్యాన్సు కార్యక్రమాల కోసం మైక్ సెట్లు కావాలని అడిగితే ఆరు సెట్లు కట్టి ఇచ్చాడు. 1934లో ఎస్తర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ కాలంలోనే రాష్ట్ర రహదారుల శాఖలో అకౌంటెంటుగా ప్రభుత్వ ఉద్యోగం దొరికింది.

అది ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంతో అల్లాడుతున్న కాలం. ఆ ప్రభుత్వ ఉద్యోగం రద్దయింది. తర్వాత ఒక టైర్ల కంపెనీలో లెక్కల పని దొరికితే, ఆరు నెలలకే అక్కడ కూడా ఇతర అకౌంటెంట్లతో పాటు లియోను తీసేశారు. చదువుకున్న చదువు రెండుసార్లు చేతిలో పెట్టినట్టే పెట్టి జారిపోయింది.

మన హాస్టల్ నుంచి బయటికి వెళ్లిన వాళ్లలో ఈ అనుభవం తెలియని వారు తక్కువ. డిగ్రీ చేతికొచ్చాక కూడా ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగామో మాకు గుర్తుంది. అందుకే లియో ఆ తర్వాత ఏం చేశాడన్నది మేము చాలా శ్రద్ధగా చదివాం.

1938లో ఆయన 600 డాలర్లు అప్పు చేశాడు. భార్యతో కలిసి ఫుల్లర్టన్‌కు తిరిగి వచ్చి ఫెండర్ రేడియో సర్వీస్ పేరుతో ఒక చిన్న షాపు తెరిచాడు. రేడియోలు, గ్రామఫోన్లు బాగుచేయడం, రికార్డులు అమ్మడం, మైక్ సెట్లు అద్దెకివ్వడం అక్కడ పని. ఇన్నాళ్లూ సరదా అనుకున్న పనే అన్నం పెట్టడం మొదలుపెట్టింది. నేర్చుకున్న అకౌంటెన్సీ కూడా వృథా కాలేదు. షాపు లెక్కలు చూసుకోవడానికి అదే అక్కరకొచ్చింది.

రిపేరు బల్ల నుంచి ఫ్యాక్టరీ దాకా

ఆ షాపుకు పాటగాళ్లు, వాయిద్యకారులు తమ పాడైపోయిన యాంప్లిఫయర్లు పట్టుకొచ్చేవారు. ఎక్కడ తీగ తెగుతోంది, ఏ భాగం వేడికి మాడుతోంది, ఏ బాక్సు రోడ్డు కుదుపులకు ఊడిపోతోంది అన్నది లియోకు ఆ రిపేరు బల్లే చెప్పింది. ఒకే తప్పు పది పెట్టెల్లో కనబడితే, ఆ తప్పు లేకుండా కొత్త పెట్టె ఎలా చేయాలా అని ఆలోచించేవాడు.

గాజు కన్ను కారణంగా రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన్ని సైన్యంలోకి తీసుకోలేదు. ఆ కాలంలో డాక్ కౌఫ్‌మన్ అనే వాయిద్యకారుడితో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి ఒడిలో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్లు, వాటికి జతగా చిన్న యాంప్లిఫయర్లు తయారుచేసి 1945లో అమ్మడం మొదలుపెట్టారు. 1946లో కౌఫ్‌మన్ విడిపోయాడు. లియో ఒంటరిగానే ముందుకు నడిచి ఫెండర్ పేరుతో కంపెనీ పెట్టాడు.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. లియోకు గిటార్ వాయించడం రాదు. చిన్నప్పుడు పియానో, శాక్సోఫోన్ కొంత నేర్చుకున్నాడు కానీ గిటార్ మాత్రం చివరిదాకా నేర్చుకోలేదు. మరి ప్రపంచం మెచ్చిన గిటార్లు ఎలా చేశాడు? వాయించే వాళ్లను అడిగి చేశాడు. కొత్త నమూనా తయారైతే దాన్ని ఆ చుట్టుపక్కల హోటళ్లలో, డ్యాన్సు హాళ్లలో వాయించే వారి చేతికిచ్చేవాడు. వాళ్లు చెప్పిన తప్పులు విని, మళ్లీ షాపుకొచ్చి సరిచేసేవాడు. జార్జ్ ఫుల్లర్టన్, ఫ్రెడ్డీ టవారెస్ లాంటి వాయించడం తెలిసిన వారిని తన పక్కనే పెట్టుకున్నాడు. తనకు రానిది రాదని ఒప్పుకుని, వచ్చిన వాడి దగ్గర చెవి పెట్టడమే ఆయన విద్య.

1950లో లోపల బోలు లేని చెక్కతో ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చాడు. 1951 నుంచి దాని పేరు టెలీకాస్టర్. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. నేటికీ వేదికల మీద కనబడే గిటార్లలో చాలా వాటి రూపం ఆ స్ట్రాటోకాస్టర్ నుంచి వచ్చిందే.

బేస్ గిటార్, దాని వెనుక బేస్‌మ్యాన్

ఆ రోజుల్లో బ్యాండులో మంద్రస్వరం వాయించే వాడి కష్టం చెప్పనలవి కాదు. మనిషికంటే ఎత్తుండే పెద్ద చెక్క వాయిద్యాన్ని నిలబెట్టి వాయించాలి. మోసుకెళ్లడం కష్టం. డ్రమ్ముల హోరులో అది వినబడదు. పైగా దాని మెడ మీద మెట్లు ఉండవు కాబట్టి, వేలు కొంచెం జరిగితే అపస్వరం పడుతుంది.

లియో 1951లో దీనికి జవాబు తెచ్చాడు. గిటార్ లాగా మెడకు తగిలించుకునే, మెట్లు ఉన్న, కరెంటుతో మోగే బేస్ అది. మెట్లు ఉండటం వల్ల స్వరం కచ్చితంగా పడుతుంది కాబట్టి దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టారు. అలాంటి ప్రయత్నాలు అంతకుముందు ఒకటి రెండు జరిగినా, పెద్ద ఎత్తున తయారై జనం చేతికి చేరిన మొదటి ఎలక్ట్రిక్ బేస్ గిటార్ ఇదే.

గిటార్ తయారైంది సరే, ఆ మంద్రస్వరాన్ని మోసే యాంప్లిఫయర్ ఏది? మామూలు గిటార్ యాంప్లిఫయర్లు దాన్ని తట్టుకోలేవు. కారణం ఫిజిక్స్ చదివే తమ్ముళ్లకు సులభంగా అర్థమవుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బేస్ గిటార్ లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లే ఊగుతుంది. మామూలు గిటార్ లావు తీగ అయితే 82 సార్లు. ఊపు ఎంత నెమ్మదిగా ఉంటే, అదే గట్టితనం రావడానికి స్పీకర్ కాగితం అంత ఎక్కువ గాలిని తొయ్యాలి. దానికి పెద్ద స్పీకర్ కావాలి, ఎక్కువ కరెంటు బలం కావాలి.

అందుకని లియో 1952లో బేస్‌మ్యాన్ అనే కాంబో తెచ్చాడు. మొదట్లో దానికి 15 అంగుళాల స్పీకర్ ఒకటే. బలం పాతిక వాట్ల పైచిలుకు. ఆ తర్వాత బలం పెంచి, 1955 నాటికి నాలుగు 10 అంగుళాల స్పీకర్లు అమర్చాడు. లోపల ఉన్నవి పాత రేడియోల్లో వెలిగే వాల్వులే. అవి కాస్త పెద్ద రకం, అంతే.

వద్దనుకున్న బొంగురే వరమైంది

లియోకు కావలసింది శుభ్రమైన గొంతు. తీగ మీద ఏం పలికితే స్పీకర్లో అదే పలకాలి, బొంగురు రాకూడదు అన్నది ఆయన పట్టుదల. తప్పు లేకుండా పనిచేసే యంత్రం కావాలని కోరుకునే మెకానిక్ మనసు అది.

కానీ ఏ యంత్రానికైనా ఒక హద్దు ఉంటుంది. యాంప్లిఫయర్‌కు వచ్చే సంకేతం అల లాగా పైకి లేచి కిందికి దిగుతుంది. వాల్వు మొయ్యగలిగిన దానికంటే అల పెద్దదైతే, దాని నెత్తి కోసేసినట్టు చదునవుతుంది. అలా చదునైన అలలో అసలు స్వరంతో పాటు దాని పై స్వరాలు కొత్తగా పుట్టుకొస్తాయి. మనకు అది గొంతు బొంగురుపోయినట్టు, గర్జించినట్టు వినిపిస్తుంది. దీన్నే ఓవర్‌డ్రైవ్ అంటారు. వాల్వుల్లో ఈ కోత ఒక్కసారిగా కాకుండా మెల్లగా, గుండ్రంగా పడుతుంది. అందుకే అది చెవికి ఇంపుగా ఉంటుంది.

బేస్‌మ్యాన్ నాబ్ పూర్తిగా తిప్పి గిటార్ వాయించిన వారికి ఈ గొంతు తెగ నచ్చింది. షికాగో బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై లాంటి వారు ఆ పెట్టెను తమ సొంతం చేసుకున్నారు. బేస్ కోసం పుట్టిన పెట్టె గిటార్ వాళ్లకు దొరికిన నిధి అయింది. 1962లో లండన్‌లో డ్రమ్ముల షాపు నడిపే జిమ్ మార్షల్ తన సహచరులతో కలిసి, ఈ బేస్‌మ్యాన్ సర్క్యూట్‌నే ఆధారం చేసుకుని తన మొదటి యాంప్లిఫయర్ తయారుచేయించాడు. ఆ తర్వాత రాక్ సంగీతంలో మోగిన మార్షల్ గొంతుకు తల్లివేరు ఈ బేస్‌మ్యానే. తాను తప్పు అనుకున్న శబ్దం లోకానికి ముద్దొచ్చిందంటే, లియో తయారీలో హద్దు దాటినా చెడిపోని గట్టితనం ఉందన్నమాట.

మరి బేస్ వాయించే వాళ్ల మాటేమిటి? వాళ్ల అవసరాన్ని ఆంపెగ్ అనే మరో అమెరికా కంపెనీ ఇంకా బాగా తీర్చింది. 1960లో ఆ కంపెనీ తెచ్చిన బి-15 అనే కాంబోలో 15 అంగుళాల స్పీకర్‌ను వెనుక తెరిచి ఉంచకుండా మూసిన పెట్టెలో బిగించారు. దాంతో మంద్రస్వరం గట్టిగా, ముద్దగా వచ్చింది. అమెరికా నల్లజాతి కళాకారుడు జేమ్స్ జేమర్సన్ లియో చేసిన ప్రెసిషన్ బేస్‌ను ఈ ఆంపెగ్ పెట్టెతో జతచేసి వాయించేవాడు. 1936లో పుట్టి 1983లో చనిపోయిన ఈయన మోటౌన్ కంపెనీ పాటలకు ఎన్నింటికో బేస్ వాయించాడు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు. చాలా ఏళ్లపాటు రికార్డు అట్టల మీద ఆయన పేరు కూడా వేయలేదు. నేడు బేస్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఆయన్ని గురువుగా తలుస్తారు. అడుగున ఉండి బరువు మోసే వారి పేరు ఆలస్యంగానైనా బయటికి వస్తుందనడానికి ఆయనే సాక్ష్యం.

మన కాంబో ఎలా ఉండాలి?

ఈ చరిత్రంతా చదివాక, పెట్టె ఎంచుకోవడం మాకు సులువైంది. వాయించే వాడినే అడుగు, హద్దు తెలుసుకో అన్న లియో పద్ధతినే పాటిస్తూ మేము తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాం. తమ్ముళ్లు రేపు సొంతంగా కొనుక్కునేటప్పుడు కూడా ఇవి పనికొస్తాయి.

మొదటిది, ఎక్కడ వాయిస్తాం అన్నది. గదిలో ఒక్కడే సాధన చేయడానికి 15 నుంచి 30 వాట్లు, 8 అంగుళాల స్పీకర్ చాలు. పక్కన డ్రమ్ములు మోగుతుంటే మాత్రం కనీసం 100 వాట్లయినా ఉండాలి, 200 ఉంటే నిశ్చింత. స్పీకర్ 12 లేదా 15 అంగుళాలది, లేదా 10 అంగుళాలవి రెండు ఉండాలి. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, కొంచెం పెరుగుతుంది అంతే. వినేవాడికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 30 వాట్లదా 40 వాట్లదా అని తర్జనభర్జన పడనక్కర్లేదు. మంచి స్పీకర్, గట్టి పెట్టె ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

రెండోది, మైక్ సెట్‌కు లైన్ ఇచ్చే సాకెట్. దీన్ని లైన్ అవుట్ లేదా డి.ఐ. అవుట్ అంటారు. ఇది ఉంటే ఆరుబయట వార్షికోత్సవంలో కూడా మన కాంబో వేదిక మీది వారికి వినబడితే చాలు. మైదానంలో జనానికి వినిపించే భారం మైక్ సెట్ మోస్తుంది. హెడ్‌ఫోన్ సాకెట్ కూడా తప్పనిసరి. స్టడీ అవర్లో ఎవరి చదువూ చెడకూడదు కదా!

మూడోది, పరీక్షించే తీరు. షాపుకు మన బేస్ గిటార్ మనమే పట్టుకెళ్లాలి. నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, లావు తీగ మీటి చివరిదాకా మోగనివ్వాలి. పెట్టె చెక్క గిలకొట్టినట్టు మోగినా, స్పీకర్ చిరిగిన డప్పులా పలికినా వద్దనాలి. పెట్టె పక్కనే కాకుండా పదడుగులు దూరంగా నిలబడి కూడా వినాలి. సెకండ్ హ్యాండ్‌ది అయితే నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తుందేమో, స్పీకర్ కాగితం నలిగిందేమో చూడాలి. చివరగా దాన్ని ఎత్తి చూడాలి. రేపు మేడ మెట్లు ఎక్కించేది తమ్ముళ్లే.

నాలుగోది కరెంటు. ఇది అన్నిటికంటే ముఖ్యం. మన కరెంటు 230 వోల్టులు. అమెరికాలో వాడకానికి చేసిన పెట్టె 120 వోల్టులది, దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ లేకుండా వేదిక మీద వాయించకూడదు. చేతిలో గిటార్ తీగలు, పెదాల దగ్గర మైకు ఉన్నప్పుడు ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు మన ఒంట్లోంచే దారి వెతుక్కుంటుంది. అది ప్రాణాలకే ప్రమాదం. ఇక వాల్వు యాంప్లిఫయర్ స్విచ్ ఆపేసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. పని తెలిసిన మెకానిక్ తప్ప ఇంకెవరూ దాన్ని విప్పకూడదు.

ఇక అందరికీ ఇష్టమైన ఓవర్‌డ్రైవ్ విషయం. గెయిన్, మాస్టర్ అని రెండు నాబ్‌లు వేరువేరుగా ఉంటే, గెయిన్ పెంచి మాస్టర్ తగ్గించాలి. అప్పుడు ఇరుగుపొరుగును నిద్రలేపకుండానే ఆ గర్జన వస్తుంది. బేస్‌లో ఒక చిక్కుంది. ఓవర్‌డ్రైవ్ ఎక్కువైతే అడుగు స్వరం సన్నబడి, పాట కాళ్లు తెగినట్టవుతుంది. అందుకే శుభ్రమైన గొంతును కొంత ఉంచి, బొంగురు గొంతును దానిలో కలపాలి. ఇలా కలిపే బ్లెండ్ నాబ్ ఉన్న కాంబో గానీ పెడల్ గానీ బేస్‌కు శ్రేష్ఠం. ఓవర్‌డ్రైవ్‌కు ముందు బేస్ నాబ్ మరీ పెంచితే ముద్దముద్దగా వస్తుంది. కాంబోలో సన్న స్వరాల కోసం చిన్న ట్వీటర్ ఉంటే, ఓవర్‌డ్రైవ్ వాడేటప్పుడు దాన్ని తగ్గించాలి, లేకపోతే కందిరీగ మోతలా చెవిలో గుచ్చుకుంటుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గర్జించేలా గెయిన్ పెట్టుకోవడం మంచి కొలత. అలా ఉంటే ఓవర్‌డ్రైవ్ నాబ్ చేతిలో కాకుండా వేళ్ల కొసల్లో ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. వాల్వులు లేని చిన్న కాంబోను పూర్తిగా పెంచి, తట్టుకోలేక అది పెట్టే అరుపును ఓవర్‌డ్రైవ్ అనుకోవద్దు. అక్కడ అల నెత్తి కత్తితో కోసినట్టు తెగుతుంది. చెవికి బాగుండదు, స్పీకర్ కూడా పాడవుతుంది. అలాగే బేస్ గిటార్‌ను మామూలు గిటార్ కాంబోకు తగిలించి గట్టిగా వాయించకూడదు. ఆ స్పీకర్ ఆ బరువు మొయ్యలేదు.

అమ్మకం, అనారోగ్యం, మళ్లీ మొదలు

ఇక లియో జీవితంలో మిగిలిన భాగం. 1950లలో ఆయనకు సైనస్ ఇన్‌ఫెక్షన్ పట్టుకుంది. ఏళ్ల తరబడి తగ్గలేదు. ఇక తాను ఎక్కువ కాలం బతకననుకుని, చేతుల మీదుగానే అన్నీ సర్దేయాలనుకున్నాడు. 1965 జనవరిలో కంపెనీని సి.బి.ఎస్. అనే పెద్ద సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మేశాడు. 600 డాలర్ల అప్పుతో మొదలైన షాపు 27 ఏళ్లకు అంత విలువ పలికింది.

ఆ తర్వాత డాక్టర్ని మార్చడంతో లియో జబ్బు నయమైంది! చేతిలో డబ్బుంది, ఆరోగ్యం తిరిగొచ్చింది. ఇంకొకరైతే కాళ్లు చాపుకుని కూర్చునేవారు. లియో మాత్రం మళ్లీ పని బల్ల దగ్గరికి వెళ్లాడు. కంపెనీ అమ్మినప్పుడు పదేళ్లు పోటీకి రానని ఒప్పుకున్న మాట ఉంది కాబట్టి, ఆ గడువు తీరాక 1975లో మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. 1976లో ఆ కంపెనీ నుంచి స్టింగ్‌రే బేస్ వచ్చింది. గిటార్ లోపలే బ్యాటరీతో పనిచేసే చిన్న సర్క్యూట్ ఉండి, గొంతును అక్కడికక్కడే దిద్దుకునే వీలు దానిలో ఉంది. నేటి బేస్ గిటార్లలో ఎన్నింటిలోనో ఆ పద్ధతి కనిపిస్తుంది. అప్పటికి లియో వయసు 67.

1979లో భార్య ఎస్తర్ కన్నుమూసింది. ఆ దుఃఖంలోంచి లేచి, 1980లో పాత మిత్రుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అనే మరో కంపెనీ పెట్టాడు. జి అంటే జార్జ్, ఎల్ అంటే లియో. ఆ ఏడాదే ఫిలిస్‌ను పెళ్లి చేసుకున్నాడు. చివరి సంవత్సరాల్లో పార్కిన్సన్ వ్యాధి వచ్చి ఒళ్లు సహకరించకపోయినా పని మానలేదు. 1991 మార్చి 21న, 81 ఏళ్ల వయసులో, తాను పెరిగిన ఫుల్లర్టన్‌లోనే తుదిశ్వాస విడిచాడు. మరుసటి ఏడాది 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. గిటార్ వాయించడం రాని మనిషికి సంగీతకారుల సరసన చోటు దొరికింది.

మనకు మిగిలేది

తమ్ముళ్లూ! లియో జీవితంలో మేము చూసింది మూడు విషయాలు. ఒకటి, ఉద్యోగం పోవడం అంటే చేతిలో పని పోవడం కాదు. చిన్నప్పుడు ఇష్టంతో నేర్చుకున్న పని ఏదో ఒక రోజు అన్నం పెడుతుంది. కనుక చదువుతో పాటు చేతి పని ఒకటి ప్రతి ఒక్కరూ నేర్చుకోండి. రెండు, మనకు రానిదాన్ని వచ్చిన వాడి దగ్గర అడిగి తెలుసుకోవడంలో చిన్నతనం లేదు. హాస్టల్లో పక్క మంచం వాడికి వచ్చిన లెక్క మనకు రాకపోతే అడగాలి. మనకు వచ్చింది వాడికి చెప్పాలి. మూడు, ఎవరి శక్తికైనా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దగ్గర చెడిపోతామా, గట్టిగా నిలబడతామా అన్నది మన తయారీని బట్టి ఉంటుంది. ఇంట్లో కష్టాలు, పరీక్షల భయం, ఊళ్లో మాటలు మన మీద పడ్డప్పుడు గొంతు బొంగురుపోవచ్చు. ఆ బొంగురు గొంతుకు కూడా విలువ ఉంది, దాన్ని దాచుకోనక్కర్లేదు.

పాటలో బేస్ ఎక్కువమందికి విడిగా వినబడదు. అది ఆగిపోతే మాత్రం పాట కుంగిపోయిందని అందరికీ తెలుస్తుంది. కాంబో వచ్చాక దాన్ని జాగ్రత్తగా చూసుకోండి. తడి తగలనివ్వకండి, వైర్లు చుట్టి పెట్టండి, తాళం ఒకరి బాధ్యతగా ఉంచండి. సీనియర్లు వెళ్లేటప్పుడు జూనియర్లకు వాయించడం నేర్పి వెళ్లండి. మీ వేళ్ల కింద ఆ లావు తీగ మోగుతుంటే వినడానికి వచ్చే వార్షికోత్సవానికి మేమందరం తప్పక వస్తాం.

శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థులు